వన్ టౌన్ సత్రం ద్వారమంటపం: మరమ్మతు డైరీ

నవంబరు 24

విశాఖపట్నం వన్ టౌన్‌లోని ఈ సత్రం ధర్మకర్తలు తాళంచెవులు అప్పగించడంతో ద్వారమంటపం పని ఈ రోజు మా చేతికి వచ్చింది. నాలుగు స్తంభాలు, వాటి మీద రాతి దూలాలు, పైన పలకల కప్పు, ముందు వైపు చూరులా వంగిన కపోతం, లోపలి గోడలో చెక్కడపు ద్వారబంధం, దాని పైకమ్మి నడుమ లలాటబింబంగా గజలక్ష్మి ఉన్నాయి. కట్టడం మొత్తం 13 అడుగుల వెడల్పు, 11 అడుగుల ఎత్తు మించదు. సముద్రం ఇక్కడికి అర కిలోమీటరు దూరమే. ఎడమ స్తంభం మొదట్లో చేయి పెట్టి తడిమితే రాయి ఇసుకలా రాలి అరచేతికి అంటుకుంది. ఆ పొడిని నాలుక చివర వేసుకుంటే ఉప్పగా ఉంది.

రాయి కొండలైట్. డాల్ఫిన్స్ నోస్, కైలాసగిరి, సింహాచలం కొండలు ఈ రాయే. ఖోండు గిరిజనుల పేరు మీదుగా భూగర్భ శాస్త్రజ్ఞులు దీనికి ఆ పేరు పెట్టారు. క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, సిలిమనైట్, ఎర్రని గార్నెట్ గింజలు, అక్కడక్కడ నల్లని గ్రాఫైట్ రేకులు ఇందులో పొరలు పొరలుగా పేరుకొని ఉంటాయి. తేమ తగిలే చోట ఫెల్డ్‌స్పార్ ఏళ్ల తరబడి మెత్తబడి తెల్లని సుద్దగా మారుతుంది, గార్నెట్‌లోని ఇనుము తుప్పు రంగు తిరుగుతుంది, వాటి మధ్య బిగువు సడలిన క్వార్ట్జ్ గింజలు ఒక్కొక్కటిగా ఊడిపోతాయి. 13వ శతాబ్దంలో తూర్పు గాంగ రాజు నరసింహదేవుడి కాలంలో కోణార్క సూర్యదేవాలయం కట్టిన శిల్పులకు ఈ రాతి గుణం బాగా తెలుసు. గోడలకు దీన్ని వాడుకున్నా, సన్నని పనితనం కావలసిన ద్వారబంధాలకు మాత్రం క్లోరైట్ రాయిని తెప్పించుకున్నారు. అందుకే అక్కడ గోడల మీది బొమ్మలు చాలా వరకు అరిగిపోయినా ద్వారబంధాల చెక్కడం ఈనాటికీ పదునుగా కనిపిస్తుంది. మన సత్రం కట్టినవారికి ఆ వెసులుబాటు లేకపోయింది. ద్వారబంధం కూడా కొండలైటే కనుక మిగిలిన ప్రతి రేకునూ అపురూపంగా చూసుకోవాలి.

ఈ రోజు చేసిన పని ఒక్కటే. నాలుగు స్తంభాల మొదళ్ల చుట్టూ తెల్లని నూలు గుడ్డ పరిచి అంచులకు రాళ్లు పెట్టాము. రాలిన పొడిని వారానికి ఒకసారి తూచి రాసుకుంటాము.

నవంబరు 28

మూడు రోజులుగా చిన్న చెక్క సుత్తితో రాయి మీద ప్రతి అంగుళమూ తట్టి చూస్తూ, డొల్ల మోత వచ్చిన చోటల్లా పటంలో గుర్తు పెట్టుకున్నాము. ద్వారబంధం కుడి నిలువు కమ్మిలో రెండు చోట్ల, ఎడమ కమ్మిలో పదకొండు చోట్ల రాతి పై చర్మం లోపలి రాయి నుంచి విడిపోయి ఉంది. ఎడమ వైపే ఎందుకింత ఎక్కువగా ఉందో మధ్యాహ్నానికి అర్థమైంది. సుమారు 30 ఏళ్ల కిందటి ఒక మరమ్మతులో ఆ వైపు రాళ్ల మధ్య కీళ్లన్నిటినీ సిమెంటుతో పూడ్చి, స్తంభం మొదలు చుట్టూ మూడడుగుల ఎత్తున సిమెంటు గిలాబా చేసి, దాని పైన, చెక్కడం పైన కూడా, ఎనామిల్ రంగు పూశారు. చేసినవారి ఉద్దేశం మంచిదే. రాయి రాలిపోతోందని బాధపడి గట్టిగా ఉండే వస్తువుతో బిగించారు. కాని పాత రాతి కట్టడాల్లో గట్టిదనమే కీడు చేస్తుంది.

నేల నుంచి స్తంభంలోకి ఎక్కే చెమ్మ, సముద్రపు గాలి మోసుకొచ్చే తేమ ఎలాగూ ఆగవు. కీలులో సున్నం ఉంటే ఆ చెమ్మ సున్నం గుండా బయటికి ఆరిపోతుంది, ఉప్పు సున్నంలోనే పూస్తుంది, కొన్నేళ్లకు సున్నం పొడై రాలితే మళ్లీ కొత్తది నింపుకుంటాము. సిమెంటు దట్టంగా ఉండి దారి ఇవ్వదు కనుక చెమ్మ పక్కనున్న రాతిలోకి తిరుగుతుంది, ఉప్పు రాతి చర్మం వెనుక గడ్డకడుతుంది. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే కరుగుతుంది, అంతకు తగ్గితే మళ్లీ స్ఫటికమవుతుంది. మంటపంలో వేలాడదీసిన తేమ కొలిచే పరికరం మూడు రోజులుగా తెల్లవారుజామున 85 దాకా, మధ్యాహ్నం రెండింటికి 60 దగ్గర చూపింది. అంటే ఆ రాతి సందుల్లోని ఉప్పు రోజుకొకసారి కరిగి, రోజుకొకసారి గడ్డకట్టి, గింజల మధ్య మేకు దిగ్గొట్టినట్టు ఒత్తుతోంది. ఈ ఊళ్లో పాత గోడలకు చౌడు ఇంత త్వరగా పట్టడానికి కారణం ఇదే.

మొదటి తూకం, నాలుగు రోజులకే: ఎడమ ముందు స్తంభం కింద 14 గ్రాములు, మిగతా మూడింటి కింద కలిపి 9 గ్రాములు.

డిసెంబరు 9

సిమెంటు తీయడానికి పన్నెండు రోజులు పట్టింది. యాంగిల్ గ్రైండరును రాతి దరిదాపులకు రానివ్వకూడదని మొదటి రోజే అందరం అనుకున్నాము. కీలు మధ్యలో వరుసగా సన్నని రంధ్రాలు వేసి, సిమెంటును దాని నడుము దగ్గర బలహీనపరిచి, తర్వాత చిన్న ఉలితో రాతి అంచు నుంచి మధ్యకు, అంటే రాయికి ఎదురుగా కాక సిమెంటు వైపుకు కొడుతూ తీశాము. ప్రధాన శిల్పిగారి వయసు 68 ఏళ్లు. శ్రీకాకుళం వైపు ఊళ్లో గుడుల పని చేస్తూ పెరిగిన మనిషి. స్తంభం చుట్టూ ఉన్న గిలాబా మొదటి పెచ్చు ఊడినప్పుడు దాన్ని వెనక్కి తిప్పి నాకు చూపించి, "సూడండి బాబూ, సిమెంటు ఒక్కటే రాలేదు, రాతి తోలు పట్టుకునొచ్చీసినాది" అన్నారు. పెచ్చు వెనుక పావు అంగుళం మందాన గార్నెట్ గింజలతో సహా రాయి అతుక్కుని వచ్చింది. ఆ తర్వాత, సిమెంటు పట్టు రాతి పట్టు కన్నా గట్టిగా ఉన్న ఐదు చోట్ల దాన్ని తీయకుండా వదిలేయాలని నిర్ణయించాము. కంటికి బాగుండదు, నిజమే. అయినా తీస్తే పోయే రాయి తిరిగి రాదు.

గిలాబా వెనుక స్తంభం తడిగా, ముదురు రంగులో ఉంది. మూడడుగుల ఎత్తున, సరిగ్గా గిలాబా అంచు వెంబడి, తెల్లని ఉప్పు గీత స్తంభం చుట్టూ తిరిగి ఉంది. చెమ్మకు ఆ అంచు దాటాకే బయటికి దారి దొరికిందన్నమాట.

డిసెంబరు 13

సున్నం. పిడుగురాళ్ల బట్టీల నుంచి తెప్పించిన సున్నపు రాయిని ఆగస్టులోనే నీళ్లలో ఉడికించి, సన్నని జల్లెడ గుండా వడగట్టి, గోతిలో పైన నాలుగు వేళ్ల నీరు నిలిచేటట్టు నిల్వ ఉంచాము. నాలుగు నెలల తర్వాత ఈ రోజు మూత తీస్తే ముద్ద వెన్నలా తాపీకి పట్టుకుంది, తాపీ తిరగేసినా జారలేదు. సున్నపురాతిని సుమారు 900 డిగ్రీల దగ్గర కాల్చితే దానిలోని బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) పోతుంది. నీరు తగిలితే పొంగి ఉడుకుతుంది. గోడలో పెట్టాక గాలి నుంచి అదే వాయువును మళ్లీ పీల్చుకుని తిరిగి రాయవుతుంది. ఆ చివరి మెట్టు నెలల తరబడి సాగుతుంది, అందుకు తేమ కావాలి.

ఇసుక శారదా నదిది. వచ్చిన లోడు నుంచి గుప్పెడు ఇసుకను స్వేదన జలంలో కలిపి, వడకట్టి, వెండి నైట్రేటు రెండు చుక్కలు వేసి చూశాను. నీరు పలచని పాలలా మారితే ఉప్పు ఉన్నట్టు. మొదటి లోడు అలాగే మారింది కనుక తిప్పి పంపాము. రెండో లోడు తేటగా ఉంది, అయినా రెండుసార్లు కడిగించాము.

శిల్పిగారికీ నాకూ కరక్కాయ, బెల్లం నీళ్ల విషయంలో వారం రోజులుగా చర్చ నడుస్తోంది. గానుగ సున్నంలో ఆ రెండూ ఉండి తీరాలని ఆయన అనుభవం. బెల్లం వల్ల సున్నం నీళ్లలో ఎక్కువగా కరిగి ముద్ద సాగుతుంది, నునుపుగా పరుచుకుంటుంది, అది నిజం. కాని మోతాదు మించితే గట్టిపడడం ఆలస్యమవుతుంది, బూజు పడుతుంది. చివరికి పెరటి గోడ మీద ఆరు నమూనా చదరాలు వేశాము: ఒకటికి రెండున్నర, ఒకటికి మూడు పాళ్ల ఇసుక, ఒక్కోదానిలో ఉత్తది ఒకటి, మెత్తని ఇటుక పొడి కలిపింది ఒకటి, కరక్కాయ నీళ్లతో కలిపింది ఒకటి. ఏది నెగ్గితే అదే వాడదామని మాట.

డిసెంబరు 22

ఎనామిల్ రంగు తీసే పని. గీకుడు కత్తులు, వేడి గాలి యంత్రాలు, ఆమ్లాలు వద్దనుకుని, రంగును మెత్తబరిచే లేపనాన్ని చిన్న చిన్న ముక్కలుగా పట్టించి, పైన పలచని ప్లాస్టిక్ కాగితం కప్పి, గంట తర్వాత వెదురు పుల్లలతో తీస్తున్నాము. రోజుకు ఒక జానెడు పొడవు కూడా సాగదు.

ఎడమ కమ్మి అడుగున ఉన్న పద్మం ఈ రోజు బయటపడింది. నాలుగు పూతల రంగు కింద అది ఒక బొడిపెలా మాత్రమే కనిపించేది. వెదురు పుల్ల కొసతో రేకు అంచున ఉన్న చివరి పసుపు పొర లేవగానే, రేకు మధ్య ఈనె, ఆ ఈనెకు రెండు వైపులా జుట్టు మందం ఉలి గీతలు కనిపించాయి. గీతలు ఒక వైపు కొంచెం లోతుగా, రెండో వైపు పైపైన ఉన్నాయి. శిల్పిగారు భూతద్దం తీసుకుని చాలాసేపు చూసి, చెక్కిన మనిషి ఎడమచేతి వాటం వాడని చెప్పారు. రేకు కొస దగ్గర ఆవగింజంత గార్నెట్ ఒకటి ఉలికి తగిలినా ఊడిరాకుండా సాయంకాలపు వెలుతురులో ఎర్రగా మెరిసింది. ఆ మనిషి గింజను పెకలించకుండా గీతను దాని చుట్టూ మళ్లించాడు. ఆ మలుపు చూశాక ఈ రేకు మీద ఇంకెవరి ఉలీ పడకూడదని మా పటంలో ఎర్ర సిరాతో రాసుకున్నాను.

జనవరి 8

ఉప్పు పీల్చే పూత మూడో విడత అయింది. ముద్రణ లేని కాగితాన్ని స్వేదన జలంలో నానబెట్టి గుజ్జు చేసి, కొంచెం సుద్ద మట్టి కలిపి, స్తంభం మొదలుకు అర అంగుళం మందాన పట్టించి వదిలేస్తాము. గుజ్జులోని నీరు రాతిలోకి వెళ్లి ఉప్పును కరిగిస్తుంది, పూత ఆరేటప్పుడు ఆ ఉప్పు నీటితోపాటు గుజ్జులోకి వస్తుంది. ఆరిన పూతలో 10 గ్రాములు తీసి 100 మిల్లీలీటర్ల స్వేదన జలంలో కలిపి, నీటిలో కరిగిన లవణాలను చూపే, ఇళ్లలో మంచినీళ్లకు వాడే టీడీఎస్ మీటరుతోనే కొలుస్తున్నాము. మొదటి విడత 2900, రెండోది 1720, ఇప్పుడు 960. పరిశోధనశాల కొలతకు ఇది సాటి రాదు, కాని ఎటు పోతోందో తెలుసుకోవడానికి చాలు.

ధర్మకర్తలలో ఒకరు వచ్చి, రాతిని గట్టిపరిచే సిలికేటు ద్రావణం పూస్తే ఇంత శ్రమ అక్కరలేదు కదా అని అడిగారు. ఉప్పు లోపల ఉండగా పై రాతిని గట్టిపరిస్తే, సిమెంటు చేసిన పనే మరో రూపంలో మేమే చేసినట్టవుతుందని, ఆ గట్టి పొర కొన్నేళ్లకు పలకలా ఊడి పడవచ్చని వివరంగా చెప్పాను. ఒకసారి పూశాక దాన్ని వెనక్కి తీయలేము. ఆయన ఒప్పుకున్నారు.

జనవరి 18

ఈ రోజు రాయడం కష్టంగా ఉంది. వెనుక గోడ కీళ్లను ఒకటికి రెండున్నర పాళ్ల ఇటుక పొడి సున్నంతో 10వ తేదీన నింపడం మొదలుపెట్టి 12 నాటికి పూర్తి చేశాము. పండుగకు పనివారందరూ ఊళ్లకు వెళ్లారు. రోజుకు మూడుసార్లు గోనెసంచులు తడపాలని ఏర్పాటు చేశాము గాని, భోగి నుంచి కనుమ దాకా ఆ పని జరగలేదు. ఏర్పాటు సరిగా జరుగుతోందో లేదో వచ్చి చూడవలసింది నేను, చూడలేదు. ఈ ఉదయం గోనెలు ఎండి గట్టిగా ఉన్నాయి, వాటి కింద కీళ్లలో వెంట్రుకవాసి పగుళ్లు, గోటితో గీస్తే పొడి. ఒక కీలును విరిచి, ఇంకా రాయిగా మారని సున్నం తగిలితే గులాబి రంగు తిరిగే ఫినాఫ్తలీన్ చుక్క వేస్తే గోటి మందం లోపలి నుంచే ముదురు గులాబి రంగు వచ్చింది. అంటే సున్నం రాయిగా మారకముందే ఎండిపోయింది. ఇప్పుడు తడిపినా అది తిరిగి సరైన బిగువుకు రాదు. 43 అడుగుల కీళ్లు తీసేసి మళ్లీ నింపాలి.

శిల్పిగారు ఏమీ అనలేదు. ఉలి తీసుకుని ముందుగా ఆయనే కూర్చున్నారు.

జనవరి 31

కప్పు ముందు దూలంలో పెద్ద పగులుకు కారణం దొరికింది. రెండు దూలాలు కలిసే చోట పైన గాడి తీసి ఇనుప బందు వేశారు. ఇనుము తుప్పు పట్టినప్పుడు అసలు పరిమాణానికి అనేక రెట్లు ఉబ్బుతుంది. రాతికి ఒత్తిడి ఓర్చుకునే శక్తి ఉంది గాని లోపలి నుంచి చీల్చే బలానికి అది తట్టుకోలేదు. బందును బయటికి తీస్తే పాత మర్రి బెరడులా పొరలు పొరలుగా విడిపోయింది; మధ్యలో మిగిలిన ఇనుము చిటికెన వేలంత కూడా లేదు. దాని స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీలు బందు. సముద్రం ఇంత దగ్గరలో 304 రకం సరిపోదు, మాలిబ్డినం కలిసిన 316 రకమే కావాలి. బజారులో కొన్న మొదటి కడ్డీకి చుక్కల పరీక్ష చేస్తే మాలిబ్డినం జాడే లేదు. కొన్న చోటే మార్పించుకుని, కొత్తదానికీ పరీక్ష చేశాకే గాడిలో పెట్టాము.

ఫిబ్రవరి 10

గజలక్ష్మి ఎడమ పక్క ఏనుగుకు తల లేదు. కపోతం మూలన రెండడుగుల ముక్క లేదు. రెండూ లేని భాగాలే, కాని రెండింటినీ ఒకేలా చూడకూడదు. సత్రం కుటుంబానికి ఏనుగు తల చెక్కించాలని గట్టి కోరిక, అందులోని భక్తిని నేను గౌరవిస్తాను. కుడి పక్క ఏనుగును చూసి ఎడమది చెక్కవచ్చని వారి వాదం. అయితే కుడి ఏనుగు తొండం కలశంతో పైకెత్తి ఉండగా, ఎడమదాని మెడ కండరం కిందికి వంగి ఉంది. అంటే ఆ శిల్పి రెండూ ఒకేలా చెక్కలేదు. ఎలా చెక్కాడో చూపే ఛాయాచిత్రం కోసం కుటుంబంలోని పాత పెళ్లి ఫొటోలన్నీ వెతికాము. ఒకదానిలో ద్వారబంధం కనిపించింది గాని, సరిగ్గా ఆ చోట మామిడి తోరణం వేలాడుతోంది. పునరుద్ధరణ ఊహ మొదలయ్యే చోట ఆగాలని పాత కట్టడాల పరిరక్షణ మీద 1964లో రాసుకున్న వెనిస్ ఒడంబడిక చెబుతుంది. ఆ మాట అక్కడ రాసి లేకపోయినా ఈ మెడ ముందు నిలబడితే అదే తోస్తుంది. ఏనుగు అలాగే ఉంటుంది.

కపోతం సంగతి వేరు. దాని కింది అంచున నీటిచుక్క వెనక్కి పాకకుండా తెంచే గాడి ఉంటుంది. ముక్క లేని చోట వాన నీరు దూలం వెంట జారి నేరుగా ఎడమ స్తంభం మీదికి దిగుతోంది. మిగిలిన భాగం వంపును సీసపు తీగతో అచ్చు తీసుకోవచ్చు, ఊహించవలసింది ఏదీ లేదు. కనుక దాన్ని చెక్కిస్తున్నాము, పూలూ లతలూ లేకుండా, వంపూ గాడీ మాత్రమే.

ఫిబ్రవరి 25

కపోతం ముక్కకు రాయి సత్రం పెరట్లో కూలిపోయిన వంటశాల గడప నుంచే దొరికింది. రాతి పొరలు ఎటు ఉన్నాయో చూసుకోవడానికి శిల్పిగారు బకెట్టు నీళ్లు పోసి, ఆరేటప్పుడు గీతలు కనిపించే దాకా కూర్చున్నారు. పొరలు నేలకు సమాంతరంగా పడుకుని ఉండాలి. ముఖానికి సమాంతరంగా నిలబడితే పుస్తకం పుటల్లా ఊడిపోతాయి. ఎడమ వెనుక స్తంభానికి జరిగింది అదే, దాన్ని నిలబెట్టినవారు పొరలు చూసుకోలేదు.

పాత అంచును చదును చేయకుండా, విరిగిన తీరుకు తగ్గట్టు కొత్త ముక్క వెనుక భాగాన్నే చెక్కారు. మసి పూసి ఆనించడం, మసి అంటిన ఎత్తులు తీయడం, మళ్లీ ఆనించడం: 31 సార్లు. రెండు స్టీలు కడ్డీలు, మధ్యలో సున్నం. వెనుక, కంటికి కనపడని చోట, ఈ సంవత్సరం అంకెలు చెక్కించాము, తర్వాత వచ్చేవారు పాతది ఏదో కొత్తది ఏదో తడుముకోకుండా.

మార్చి 12

వెనుక గోడ కీళ్లు రెండోసారి నింపి నెల దాటింది. గోనెలు రాత్రి కూడా తడిగా ఉంచాము. ఈ రోజు ఒక మూల విరిచి చుక్క వేస్తే పావు అంగుళం దాకా రంగు రాలేదు, ఆ లోపలే గులాబి మొదలైంది. సరైన దారిలో ఉంది. నమూనాల్లో నెగ్గింది కరక్కాయ నీళ్లతో కలిపిన ఒకటికి మూడు పాళ్లది. ముందు వైపు కీళ్లన్నీ దానితోనే నింపాము. ఇది నేను ఆశించిన ఫలితం కాదు, ఆ మాట శిల్పిగారికి చెప్పాను.

డొల్ల మోత వచ్చిన పదమూడు చోట్లకు గాను తొమ్మిదింటిలో పలచని సున్నపు పాలు సూదితో ఎక్కించాము. నాలుగింటిని ముట్టుకోలేదు, అంచుల్లో సున్నం నింపి నీరు చొరబడకుండా మాత్రం చేశాము. ఉప్పు పూత ఆరో విడత కొలత 410 దగ్గర నిలిచింది. అంతకు తగ్గేటట్టు లేదు, గాలి తెచ్చే ఉప్పు ఎలాగూ వస్తూనే ఉంటుంది.

ఈ వారం తూకం: ఎడమ ముందు స్తంభం కింద 2 గ్రాములు, మిగతా మూడింటి కింద కలిపి 1 గ్రాము. గుడ్డలు మార్చి కొత్తవి పరిచాము. వానాకాలం పోయి తుపానుల నెలలు దాటేదాకా ప్రతి ఆదివారం తూచి రాయడానికి కాపలాదారు కుమార్తె ఒప్పుకుంది. చిన్న తక్కెడ, నోటుపుస్తకం ఆమెకు ఇచ్చి వచ్చాము. మొదటి పేజీలో నవంబరు 28 నాటి 14 గ్రాముల నుంచి ఈ రోజు దాకా అంకెలన్నీ ఆమే తన చేత్తో ఎత్తి రాసుకుంది.